మంచులో బయట బతికే జంతువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు దాటితే చాలు, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఉన్న తెలుగు ఇళ్లలో కిటికీ దగ్గర ఒకే మాట వినిపిస్తుంది: "పాపం, ఈ మంచులో దీని గతేంటి?" ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఉడుతను చూసి అంటుంది. బడికెళ్లే పిల్ల పిట్టను చూసి అడుగుతుంది. కారు మీద మంచు గీకుతున్న నాన్న, డెక్ కింద దూరిన పిల్లిని చూసి పైకి అనకపోయినా అదే అనుకుంటాడు. మళ్లీ మళ్లీ వచ్చే ఆ ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, ఇల్లినాయ్, ఒంటారియో లాంటి చోట్ల చలిని మనసులో పెట్టుకుని రాసినవి ఇవి. టెక్సాస్, ఫ్లోరిడా సంగతి వేరు, దానికి విడిగా ఒక ప్రశ్న ఉంది.

అన్నిటికీ ఒకేలా దిగులు పడక్కర్లేదు. ఈ నేల మీదే తరతరాలుగా బతుకుతున్న అడవి జంతువుకు ఒట్టి చలి అంత పెద్ద శత్రువు కాదు. ఒళ్లు తడవడం, తిండి దొరక్కపోవడం, మనం తెలియక చేసే సాయం, వీటితోనే ఎక్కువ ముప్పు. మనం పెంచి బయట వదిలేసినవాటి సంగతి మాత్రం పూర్తిగా మన బాధ్యతే.

మైనస్ 20 సెల్సియస్‌లో ఉడుత గడ్డకట్టి చచ్చిపోదా?

చచ్చిపోదు. ఇక్కడి బూడిదరంగు ఉడుత మన మూడు చారల ఉడుత కాదు. మన ఉడుత వంద గ్రాములు తూగితే గొప్ప, ఇది అరకిలో దాకా ఉంటుంది. ఒళ్లు పెద్దదైతే వేడి నెమ్మదిగా పోతుంది. పైగా శరత్కాలమంతా తిని కొవ్వు పట్టించుకుంటుంది, దట్టమైన శీతాకాలపు బొచ్చు తొడుక్కుంటుంది.

ఆకులు రాలాక చెట్ల కొమ్మల మధ్య ఎండాకుల ముద్దలు కనిపిస్తాయి చూడండి, చాలామంది వాటిని కాకిగూళ్లు అనుకుంటారు. అవి ఉడుతల ఇళ్లు. బయట పుల్లలు, ఆకులు, లోపల నాచు, చీల్చిన బెరడు, మధ్యలో ముడుచుకుని పడుకోవడానికి చోటు. చెట్టు తొర్ర దొరికితే ఇంకా మేలు. బాగా చలి పుట్టిన రోజుల్లో అది బయటికే రాదు. ఒక్కోసారి రెండు మూడు కలిసి ఒకే గూట్లో పడుకుంటాయి.

తిండి సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఓక్ కాయలు, వాల్‌నట్లు అన్నీ ఒకేచోట దాచదు. ఒక్కో కాయను ఒక్కో చోట పాతిపెడుతుంది, ఒక దొంగకు మొత్తం దొరక్కుండా. జ్ఞాపకంతోనూ వాసనతోనూ మళ్లీ తవ్వుకుంటుంది, పైన మంచు ఉన్నా సరే. తవ్వకుండా మిగిలినవి మొలిచి చెట్లవుతాయి. మీ తులిప్ దుంపలు, తులసి కుండీలో మట్టి తవ్విపోసింది కూడా ఇదే యావలో.

"మన రాముడి ఉడుతలా చారలున్నది ఎండాకాలంలో కనిపించింది, ఇప్పుడు లేదేం?" అని అడిగే పెద్దవాళ్లూ ఉన్నారు. అది చిప్‌మంక్. నేలలోపల బొరియలో, తాను దాచుకున్న గింజల పక్కనే పడుకుని ఉంటుంది. కొన్ని రోజులు ఒళ్లు చల్లబరుచుకుని నిద్రపోతుంది, లేచి తింటుంది, మళ్లీ పడుకుంటుంది. వసంతం దాకా అంతే.

ఉడుత సరే. గుప్పెట్లో పట్టే పిట్టలు ఎలా తట్టుకుంటాయి?

నన్నడిగితే చలికాలంలో అందరికంటే గట్టిది చికడీ. నల్లటోపీ, తెల్లబుగ్గలు, పదీ పన్నెండు గ్రాముల బరువు. అంటే మూడు చెంచాల పంచదార అంత కూడా ఉండదు. చిన్న ఒంటికి వేడి నిలవదు, అందుకే దాని రోజంతా ఒక లెక్క ప్రకారం నడుస్తుంది. పొద్దున లేచింది మొదలు చీకటిపడేదాకా తింటూనే ఉంటుంది. పగలు పోగుచేసుకున్న కొవ్వు రాత్రికి ఖర్చయిపోతుంది. తెల్లారాక మళ్లీ మొదలు.

పగలు దాని ఒంటి వేడి 42 డిగ్రీల దాకా ఉంటుంది. బాగా చలిగా ఉన్న రాత్రి దాన్ని పది, పన్నెండు డిగ్రీలు తగ్గించుకుంటుంది. మనిషికి అంత తగ్గితే ప్రాణం మీదికొస్తుంది, చికడీకి అది పొదుపు. ఒళ్లు తక్కువ వేడిగా ఉంటే ఇంధనం తక్కువ కాలుతుంది. ఈకలు నిక్కబొడుచుకుని, గాలిని మధ్యలో పట్టి ఉంచి, చెట్టు తొర్రలో ఒంటరిగా కూర్చుంటుంది. మీ కిటికీ బయట పిట్ట ఉన్నట్టుండి బంతిలా ఉబ్బి కనిపిస్తే జబ్బు చేసిందని కంగారుపడకండి, స్వెటర్ వేసుకుంది అంతే.

చికడీ కూడా దాచుకుంటుంది. ఫీడర్ (పిట్టలకు గింజలు పోసి వేలాడదీసే డబ్బా) దగ్గర గమనించండి: ఒక్క గింజ పట్టుకుని ఎగిరిపోతుంది, బెరడు సందులో దూర్చి మళ్లీ వస్తుంది. ఇలా దాచుకునే పిట్టల మెదడులో చోట్లను గుర్తుపెట్టుకునే భాగం, దాచుకోని పిట్టలకంటే పెద్దగా ఉంటుంది.

ఎర్రటి కార్డినల్, బ్లూ జే, వడ్రంగిపిట్టలు కూడా ఇక్కడే ఉండిపోతాయి. జంకో అనే చిన్న బూడిదరంగు పిట్టకైతే మన మిన్నెసోటా, షికాగోలే దక్షిణాది. కెనడా అడవుల నుంచి చలి తప్పించుకోవడానికి ఇక్కడికి వస్తుంది!

బాతులు మంచుగడ్డ మీద ఒట్టికాళ్లతో నిలబడతాయి. కాళ్లు గడ్డకట్టవా?

వాటి కాళ్లలో రక్తనాళాల అమరికే వేరు. ఒంట్లోంచి కాలికి దిగే వెచ్చటి రక్తం, కాలి నుంచి పైకెక్కే చల్లటి రక్తం పక్కపక్కనే ఆనుకుని ప్రవహిస్తాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి ఇచ్చేస్తుంది. అందువల్ల పాదం గడ్డకట్టని మేరకు మాత్రమే వెచ్చగా ఉంటుంది, ఒంటి వేడి పాదంలోంచి మంచులోకి పోదు. పాదంలో కండ కూడా తక్కువే, ఎక్కువ భాగం ఎముక, నరం, పొలుసులే. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని ఈకల్లో దోపుకుంటే నష్టం ఇంకా సగమవుతుంది.

ఒక జాగ్రత్త. కదలకుండా కూర్చున్న బాతును చూసి "గడ్డకు అతుక్కుపోయింది" అని మంచు కట్టిన చెరువు మీదికి నడిచి వెళ్లేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు దగ్గరికెళ్లగానే బాతు లేచి ఎగిరిపోతుంది. గడ్డ విరిగి నీళ్లలో పడేది మనిషి.

చెరువంతా గడ్డకట్టింది. చేపలు, తాబేళ్లు, కప్పలు?

చెరువంతా గడ్డకట్టదు, పైన మాత్రమే కడుతుంది. నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి కాబట్టి ఆ నీళ్లు అడుక్కి చేరతాయి, గడ్డ పైన తేలుతుంది. అడుగున నాలుగు డిగ్రీల నీళ్లలో చేపలు నెమ్మదిగా కదులుతూ చలికాలం గడిపేస్తాయి. మిన్నెసోటాలో జనం గడ్డకు కన్నం పెట్టి చేపలు పట్టేది అందుకే. చెరువు లోతు మరీ తక్కువై, పైన మంచు మందంగా పేరుకుంటే వెలుతురు పడక ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చే ఏళ్లూ ఉంటాయి. అక్కడా చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం.

పెయింటెడ్ తాబేలు అడుగు బురదలో మూడు నెలలకు పైగా, దాదాపు ఆక్సిజన్ లేకుండానే ఉండగలదు. గాలి లేకుండా బతికే ఒంట్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. మనం గట్టిగా పరుగెత్తినప్పుడు మన కండరాల్లోనూ అదే పేరుకుంటుంది. తాబేలు తన డిప్పలోని సున్నపు ఖనిజాలతో ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. డిప్ప శత్రువు నుంచి రక్షణకే అనుకుంటాం గానీ, చలికాలంలో అదే దాని మందుపెట్టె.

ఇక ఉడ్ ఫ్రాగ్ అనే అడవి కప్ప సంగతి వింటే పిల్లలు నమ్మరు. అది చెరువులోకే పోదు. రాలిన ఆకుల కింద కూర్చుని నిజంగానే గడ్డకడుతుంది. ఒంట్లోని నీటిలో మూడింట రెండొంతుల దాకా మంచుగా మారుతుంది, గుండె ఆగిపోతుంది, ఊపిరి ఉండదు. చేత్తో పట్టుకుంటే రాయిలా ఉంటుంది. గడ్డకట్టడం మొదలవగానే కాలేయం రక్తంలోకి విపరీతంగా గ్లూకోజు వదులుతుంది. ఆ చక్కెర కణాల లోపలి నీటిని గడ్డకట్టనివ్వదు, మంచు కణాల బయటే ఏర్పడుతుంది. వసంతంలో కరిగాక గుండె మళ్లీ కొట్టుకుంటుంది. ఆ సాయంత్రానికి కాకపోయినా త్వరలోనే జోడీని పిలుస్తూ అరుస్తుంది.

ఎలుగుబంటి చలికాలమంతా నిద్రేనా?

నిద్రే, కానీ లోతైన శీతనిద్ర కాదు. నల్ల ఎలుగు ఒంటివేడి కొద్ది డిగ్రీలే తగ్గుతుంది, కదిలిస్తే లేస్తుంది. నెలల తరబడి తినదు, తాగదు, మూత్రం పోయదు. ఆడ ఎలుగు జనవరిలో ఆ గుహలోనే పిల్లల్ని కని పాలు ఇస్తుంది. అసలైన శీతనిద్ర చూడాలంటే, బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువు గ్రౌండ్‌హాగ్‌ను చూడాలి. దాని ఒంటివేడి అయిదు డిగ్రీల దాకా పడిపోతుంది, గుండె నిమిషానికి నాలుగైదుసార్లే కొట్టుకుంటుంది. వసంతం ఎప్పుడొస్తుందో చెబుతుందంటూ ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలో దాన్ని టీవీ కెమెరాల ముందుకు లాగడం నాకైతే నచ్చదు.

మంచు ఎక్కువ పడితే జంతువులకు ఇంకా కష్టం కదా?

కొన్నిటికి కష్టం, కొన్నిటికి వరం. నేల మీద ఒక జానెడు మంచు పేరుకుంటే దాని కింద, నేలకూ మంచుకూ మధ్య, సున్నా డిగ్రీల దగ్గరే ఆగే ఒక పొర ఏర్పడుతుంది. బయట మైనస్ 25 ఉన్నా సరే. చుంచులు, వోల్ అనే పొట్టితోక ఎలుకలు ఆ పొరలో సొరంగాలు తవ్వుకుని గడ్డివేళ్లు తింటూ తిరుగుతాయి. మార్చిలో మంచు కరిగాక లాన్ మీద వంకరటింకర గీతలు కనిపిస్తాయే, అవి వాళ్ల వీధులు. నక్క పైన నిలబడి చెవులు రిక్కించి, కింద కదిలే చప్పుడును పట్టి నిట్టనిలువునా దూకుతుంది. రఫ్డ్ గ్రౌస్ అనే అడవికోడి సాయంత్రం మెత్తటి మంచులోకి దూకి లోపలే పడుకుంటుంది. కాబట్టి మైనస్ చలీ, ఒట్టి నేలా కలిసి వచ్చిన ఏడాదే వీటికి గడ్డుకాలం. మంచు పడి, మధ్యలో వాన కురిసి, పైన గాజుపలకలా గడ్డకడితే ఇంకా గడ్డు.

మా బ్యాక్‌యార్డులోకి జింకలు వస్తున్నాయి, బక్కచిక్కాయి. మొక్కజొన్న పెట్టొచ్చా?

పెట్టకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

తెల్లతోక జింక నెమరువేసే జంతువు. దాని పొట్టలోని సూక్ష్మజీవులే తిండిని అరిగిస్తాయి. చలికాలంలో అది లేత పుల్లలు, మొగ్గలు, దేవదారు ఆకులు తింటుంది, పొట్టలోని జీవులు కూడా ఆ పీచు తిండికి తగ్గట్టు మారిపోతాయి. అలా మారడానికి వారాలు పడుతుంది. అప్పుడు ఉన్నట్టుండి బకెట్టు మొక్కజొన్న పోస్తే పిండిపదార్థం ఒక్కసారిగా పులిసి పొట్టంతా ఆమ్లమైపోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో, కడుపు నిండా తిండితోనే జింక చచ్చిపోతుంది. మన ఊళ్లలో పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం కుప్పలు తిని ఆవులు పడిపోవడం మీరు చూసే ఉంటారు, లేదా పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. సరిగ్గా అదే జబ్బు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

ఇంకో కారణమూ ఉంది. ఒకేచోట తిండి పెడితే జింకలన్నీ మూతులు కలిపి తింటాయి. జింకల్లో మెదడును తినేసే, మందు లేని ఒక అంటువ్యాధి చాలా రాష్ట్రాల్లో వ్యాపిస్తోంది. అందుకే చాలాచోట్ల జింకలకు మేత పెట్టడం చట్టరీత్యా నేరం. పైగా రోడ్డు పక్క ఇంట్లో మేత పెడితే రాత్రిపూట రోడ్డు దాటుతూ కార్ల కింద పడతాయి.

మరి అవి బక్కచిక్కడం మాట? చలికాలంలో జింక బరువు తగ్గడం మామూలే. శరత్కాలంలో పట్టించుకున్న కొవ్వును కొద్దికొద్దిగా కరిగించుకుంటూ, తక్కువ తింటూ, తక్కువ తిరుగుతూ గడుపుతుంది. చలికాలపు వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి. వీపు మీద పడిన మంచు కరక్కుండా అలాగే ఉంటే ఒంటి వేడి బయటికి పోవట్లేదనే అర్థం. సాయం చేయాలనిపిస్తే ఎండాకాలంలో పెరట్లో అక్కడి దేశీయ పొదలు నాటండి. కుక్కను జింకల వెంట పడనివ్వకండి. చలికాలంలో ఒక్క పరుగుకు అయ్యే ఖర్చు అవి మళ్లీ సంపాదించుకోలేవు.

పిట్టలకైనా పెట్టొచ్చా? బియ్యం, అన్నం పనికొస్తాయా?

పిట్టలకు పెట్టొచ్చు. మన పల్లెల్లో సంక్రాంతి కోతలయ్యాక వరి కంకులతో కుచ్చులు అల్లి చూరుకు, గుడి మండపానికి వేలాడదీస్తారు, పిచ్చుకల కోసం. నార్వేలో క్రిస్మస్‌కు ఓట్ల కంకుల కట్టను ఇంటి ముందు నిలబెడతారు, అదీ పిట్టల కోసమే. రెండు ఊళ్లకూ సంబంధం లేదు, బుద్ధి ఒకటే.

విస్కాన్సిన్‌లో చికడీల మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఫీడర్ దగ్గర తినే పిట్టల్లో 69 శాతం చలికాలం దాటితే, ఫీడర్ లేనివాటిలో 37 శాతమే దాటాయి. అయితే ఫీడరున్నా అవి తమ తిండిలో ఎక్కువ భాగం అడవిలోనే వెతుక్కుంటాయి, అందువల్ల మీరు ఇండియా వెళ్తూ నెల్లాళ్లు ఫీడర్ ఖాళీగా ఉంచితే పిట్టలు మాడి చస్తాయని భయపడక్కర్లేదు.

ఏం పెట్టాలంటే, నల్ల పొద్దుతిరుగుడు గింజలు. మిగతావన్నీ దాని తర్వాతే. కొవ్వు ఎక్కువ, తొక్క పల్చన. దుకాణాల్లో సూయెట్ పేరుతో దొరికే ముద్ద ఆవుకొవ్వు అని కొందరికి తెలియక కొనేసి తర్వాత బాధపడతారు. ఇంట్లో పట్టింపు ఉంటే ఉప్పులేని వేరుశనగ ముద్దను గింజలతో కలిపి పైన్ కాయకు పట్టించి వేలాడదీయండి, వడ్రంగిపిట్టలు బ్రహ్మాండంగా తింటాయి. పల్లీలు ఉప్పులేనివే. బియ్యం విషమేమీ కాదు, పచ్చి బియ్యం తింటే పిట్ట పొట్ట పగులుతుందనేది పుకారు. కానీ దానిలో కొవ్వు లేదు, చలికి పనికొచ్చేది కొవ్వే. అన్నం క్షణాల్లో రాయవుతుంది. పులిహోర, చిత్రాన్నం, మిక్చరు మీరే తినండి, ఉప్పూ కారం వాటికి పడవు. బ్రెడ్డు కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు.

ఫీడర్ కట్టాక కడిగే బాధ్యత కూడా మనదే. 2021లో అమెరికాలో పిట్టల నుంచి మనుషులకు సాల్మొనెల్లా సోకింది, ఆ ఏడు పైన్ సిస్కిన్ అనే పిట్టలు గుంపులు గుంపులుగా ఫీడర్ల మీద వాలాయి. రెండు వారాలకోసారి వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. జబ్బు పిట్ట కనిపిస్తే కొన్నాళ్లు తీసేయండి. ఎలుగులున్న ప్రాంతమైతే వసంతం రాగానే తీసేయాలి.

గింజలకంటే నీళ్లే అరుదైన రోజులుంటాయి. అంతా గడ్డకట్టినప్పుడు ఒక వెచ్చటి నీళ్ల పళ్లెం పెడితే ఫీడర్ దగ్గరికి రాని పిట్టలు కూడా వస్తాయి.

మా అపార్ట్‌మెంట్ దగ్గర ఒక వీధిపిల్లి ఉంది. లోపలికి రాదు. ఏం చేయాలి?

ఇదిగో, నిజంగా దిగులు పడాల్సింది దీని గురించి. పిల్లి మూలం ఎడారి ప్రాంతం. అడవి నక్కకు ఉన్న బొచ్చు దానికి లేదు. చెవి కొసలు, తోక, పాదాలు మంచుదెబ్బకు ముందు పాడయ్యేవి.

ముందు దాని చెవి చూడండి. ఎడమ చెవి కొస తిన్నగా కోసినట్టుంటే ఎవరో పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి వదిలారని గుర్తు, అంటే దాన్ని చూసుకునేవాళ్లు చుట్టుపక్కల ఉండొచ్చు. వాళ్లను కనుక్కుంటే మీ పని సగమవుతుంది.

ఆశ్రయం కట్టడానికి పెద్ద ఖర్చు లేదు. మందులు, ఐస్‌క్రీములు పంపే థర్మకోల్ పెట్టె, లేదా ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇంకో చిన్నది పెట్టి మధ్యలో థర్మకోల్ నింపినది. ఒక జానెడు వెడల్పు ద్వారం చాలు, పెద్దది పెడితే వేడి పోతుంది, రకూన్లు దూరతాయి. నేల నుంచి కొంచెం ఎత్తులో, ద్వారం గాలికి ఎదురు కాకుండా పెట్టండి. పెట్టె చిన్నదిగా ఉండాలి: పిల్లి ఒంటివేడే దాని హీటరు.

లోపల ఏం పరచాలన్న దగ్గరే అందరూ తప్పుతారు. పాత దుప్పటి, తువ్వాలు, బొంత వద్దు. పిల్లి పాదాల తడిని అవి పీల్చుకుని గడ్డకడతాయి, వెచ్చదనం ఇవ్వాల్సింది చలి ఇస్తుంది. ఎండుగడ్డి వేయాలి, అదీ పశువుల మేత గడ్డి కాదు, ధాన్యం తీశాక మిగిలే బోలు గడ్డి. మన వరిగడ్డి లాంటిది. తడిని పట్టదు, పిల్లి దానిలోకి దూరి చుట్టూ కప్పుకోగలదు. తోట సామాన్ల దుకాణంలో స్ట్రా అని అడగండి. హే అని అడిగితే మేతగడ్డి ఇస్తారు.

చలికాలంలో తిండి మామూలుకంటే ఎక్కువ కావాలి. తడి తిండి గడ్డకట్టకముందే తినేలా ఒక వేళకు పెట్టండి, మిగతా వేళ పొడి తిండి. నీళ్లు లోతైన గిన్నెలో పోస్తే ఆలస్యంగా గడ్డకడతాయి.

కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి. వేడి ఇంజన్ మీద పిల్లి పడుకుని ఉండొచ్చు. ఇంకా ముఖ్యం: గ్యారేజీలో కారు ఇంజన్‌లో పోసే యాంటీఫ్రీజ్ ద్రవం కారితే వెంటనే తుడిచేయండి. తియ్యగా ఉంటుంది, ఒక చెంచాడు చాలు పిల్లి మూత్రపిండాలు పోవడానికి.

కుక్క బొచ్చుంది కదా, బయట కట్టేయొచ్చా?

వద్దు. హస్కీ లాంటి ఒకటి రెండు జాతుల్ని పక్కన పెడితే చాలా కుక్కలకు సున్నా కింద చలి ప్రమాదమే. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో మీతో తెచ్చుకున్న దేశీ కుక్కకైతే ఇంకా. దాని పొట్టి బొచ్చు ఎండకు తగ్గది, కోటు వేయాలి. పెన్సిల్వేనియాలో 2017 నుంచి 32 ఫారెన్‌హీట్ కంటే చలిగా ఉంటే కుక్కను బయట అరగంట మించి కట్టి ఉంచడం చట్టవిరుద్ధం. మీ రాష్ట్రం చట్టం చూసుకోండి. నడిపించి తెచ్చాక గోరువెచ్చటి నీళ్లతో పాదాలు కడగండి, రోడ్డు మీద చల్లే ఉప్పు వేళ్ల సందుల్లో పుండ్లు పెడుతుంది, అది నాకితే కడుపు చెడుతుంది.

దారిలో పొలాల్లో ఆవులు, గుర్రాలు మంచులోనే నిలబడి ఉన్నాయి. రైతుకు జాలి లేదా?

జాలి ఉండబట్టే అలా ఉంచాడు. దట్టమైన పొడి చలిబొచ్చున్న ఆవు మైనస్ 8 సెల్సియస్ దాకా అదనపు తిండి కూడా లేకుండా తట్టుకుంటుంది. అదే బొచ్చు తడిస్తే 15 డిగ్రీలకే దానికి చలి మొదలవుతుంది! అంటే మంచు కురుస్తున్న జనవరి కంటే సన్నటి వాన, ఈదురుగాలి ఉన్న నవంబరు సాయంత్రం దానికి కష్టం. నెమరువేసే పొట్ట పీచును పులియబెడుతూ వేడి పుట్టిస్తూనే ఉంటుంది, అందుకే చలి పెరిగినప్పుడు రైతు గడ్డి ఎక్కువ వేస్తాడు. గాలి తగలకుండా ఒక తడిక, కాళ్ల కింద పొడి పరుపు, గడ్డకట్టని నీళ్లు, ఈ మూడూ ఉంటే షెడ్డు మూసేయనక్కర్లేదు. మూసేస్తే గాలి ఆడక న్యుమోనియా వస్తుంది.

ఇదంతా ఇక్కడి జాతుల మాట. ఒంగోలు గిత్తను తెచ్చి మిన్నెసోటాలో నిలబెడితే నిలవదు. పల్చటి చర్మం, వేలాడే గంగడోలు, పొట్టి వెంట్రుకలు, అన్నీ వేడిని బయటికి పంపడానికి పనికొచ్చేవే.

టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఎందుకు అంత గగ్గోలు?

అక్కడి జంతువులు చలికి తయారై ఉండవు కాబట్టి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు కరెంటు లేక మనవాళ్లు కార్లలో కూర్చుని ఫోన్లు చార్జి చేసుకున్నారు గుర్తుందా, ఆ వారంలోనే తీరంలో వేల సముద్రపు తాబేళ్లు కాళ్లు చచ్చుబడి తేలాయి. నీళ్లు పది డిగ్రీల కంటే చల్లబడితే వాటికి ఈదడానికి శక్తి ఉండదు, ముక్కు పైకెత్తలేక మునిగిపోతాయి. సౌత్ పాడ్రె ద్వీపంలో జనం పడవల్లో, కార్ల డిక్కీల్లో వాటిని తెచ్చి కన్వెన్షన్ సెంటర్ నేల మీద వరుసగా పెట్టారు.

2022 డిసెంబరులో హ్యూస్టన్ వంతెనల కింద వేలాడే గబ్బిలాలు చలికి పట్టు తప్పి రోడ్డు మీద రాలాయి. జంతువుల్ని కాపాడే అక్కడి హ్యూమేన్ సొసైటీవాళ్లు పదిహేను వందలకు పైగా ఏరి, నెమ్మదిగా వెచ్చబెట్టి, సెలైన్ ఇచ్చి, క్రిస్మస్ అయిన రెండు మూడు రోజులకే మళ్లీ ఆ వంతెనల దగ్గరే వదిలారు. ఫ్లోరిడాలో 2020 జనవరిలో వాతావరణ శాఖే "చెట్ల మీంచి ఇగ్వానాలు (పెద్ద బల్లులు) రాలొచ్చు" అని హెచ్చరించింది. రాలినవన్నీ చచ్చినవి కావు, ఎండ తగిలితే చాలావరకు లేస్తాయి. పోనీ పాపమని కారులో వేసుకుంటే వెచ్చటి కారులో లేచి గోళ్లతో రక్కుతాయి. అక్కడి మనాటీలు అనే పెద్ద నీటి జంతువులు మాత్రం తెలివైనవి, సముద్రం చల్లబడగానే వెచ్చటి ఊటలకూ కరెంటు కేంద్రాల వేడినీటి కాలవలకూ చేరతాయి.

చలి తప్పించుకుని వెళ్లిపోయేవి ఎక్కడికి పోతాయి? మన ఊళ్లకూ వస్తాయా?

మొనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల అడవులకు పోతాయి. తేనెటీగలు ఎటూ పోవు, పట్టులో రాణి చుట్టూ ఉండగట్టి రెక్కల కండరాలు వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. ఇక మన వైపు వచ్చేవి ఆసియా పక్షులు: మంగోలియా, టిబెట్ల నుంచి హిమాలయాలు దాటి వచ్చే పట్టీతల బాతులు, కొల్లేటికి వచ్చే సూదితోక బాతులు. తేలినీలాపురం పెలికాన్లను "సైబీరియా పక్షులు" అంటారు గానీ అవి దక్షిణాసియావే, మంచు మొహం చూడనివి.

అయితే ఏవీ చావవా?

చస్తాయి. చాలా చస్తాయి. ముఖ్యంగా ఆ ఏడే పుట్టినవి, ముసలివి, జబ్బుతో ఉన్నవి. చిన్న పిట్టల్లో సగం దాకా మొదటి చలికాలం దాటకపోవడం మామూలే. వాటి శవాల మీద నక్క, గద్ద, కాకి చలికాలం దాటతాయి. పిల్లలు అడిగితే ఈ మాట దాచకుండా చెప్పడమే మేలని నా అభిప్రాయం. కిటికీలోంచి చూస్తే వాళ్లకే తెలుస్తుంది.

గడ్డకట్టినట్టు పడి ఉన్న జంతువు కనిపిస్తే?

పిట్ట అయితే ముందు కిటికీ అద్దానికి కొట్టుకుందేమో చూడండి, చలికంటే అదే ఎక్కువ. గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, కొంచెం వెచ్చగా ఉండే చోట గంటసేపు వదిలేయండి. పాలు, నీళ్లు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకుంటే బయటికి తీసుకెళ్లి మూత తెరవండి. తేరుకోకపోతే మీ రాష్ట్ర సహజవనరుల శాఖ వెబ్‌సైట్లో లైసెన్సున్న వన్యప్రాణి సంరక్షకుల జాబితా ఉంటుంది, వాళ్లకు ఫోన్ చేయండి. ఇంట్లో ఉంచి పెంచడం మంచి మనసుతోనైనా చట్టవిరుద్ధమే, చాలా పక్షులకు 1918 నాటి వలసపక్షుల చట్టం వర్తిస్తుంది. గబ్బిలాన్నీ రకూన్‌నీ ఒట్టి చేతులతో ముట్టుకోకండి, రేబిస్ ఉండొచ్చు. పిల్లి, కుక్క అయితే తువ్వాల్లో చుట్టి మెల్లగా వెచ్చబెట్టండి. గడ్డకట్టిన చెవుల్నీ పాదాల్నీ రుద్దకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. నేరుగా వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.